గాలి అదే, అగ్గి పెట్టే చెయ్యి మారింది: ధర్మసాగర్ పొలాల్లో మంటల చరిత్ర

మన ఎపిసోడ్స్‌లో మామూలుగా కోటలు, శాసనాలు, యుద్ధాలు ఉంటాయి కదా. ఈసారి రాజుల కథ కొంచెమే. ఈ రోజు హీరో వరిగడ్డి. అవును, పశువులు తినే వరిగడ్డే. నవ్వకండి, దీనికి కూడా ఓ పెద్ద చరిత్ర ఉంది.

నవంబరులో సాయంత్రం ఐదున్నరకి కాజీపేట నుంచి ధర్మసాగర్ వైపు బండి మీద వెళ్ళినవాళ్ళకి ఈ సీన్ తెలుసు. రోడ్డుకి రెండు పక్కలా కోత అయిపోయిన పొలాలు. అక్కడక్కడ నల్లగా కాలిన మళ్ళు. నేలకి ఆనుకుని పాకుతున్న పొగ. హెల్మెట్ గ్లాస్ ఎత్తితే కళ్ళు మంట. మనలో కొందరు ఫోటో తీసి "ఈ రైతులకి బుద్ధి లేదా" అని స్టేటస్ పెడతారు. ఇంకొందరు "పొగే కదా, పోనీలే" అని వెళ్ళిపోతారు.

నాకు మాత్రం ఇందులో ఒక వింత కనిపిస్తుంది. మన తాతల కాలంలో పొలం దగ్గర నిప్పు కనిపిస్తే రైతుకి గుండె ఆగినంత పనయ్యేది. ఇప్పుడు ఆ తాతే, లేకపోతే ఆయన కొడుకే, చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని తన పొలానికి తనే అంటిస్తున్నాడు. మధ్యలో ఏం మారింది? ఇదే ఈ ఎపిసోడ్.

ముందు వాతావరణం సంగతి

మన దగ్గర నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యలో తిరుగుముఖం పడతాయి. దసరా, దీపావళి మధ్య గాలి దిశ మారుతుంది. అప్పటిదాకా సముద్రం మీది నుంచి తడి మోసుకొచ్చిన గాలి ఆగిపోయి, ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి పొడిగాలి మొదలవుతుంది. బంగాళాఖాతంలో ఏ వాయుగుండమో వస్తే తప్ప వాన ఉండదు. మన రైతులు దీన్ని కార్తెల్లో చెప్తారు: చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ. సరిగ్గా ఈ కార్తెల్లోనే వానాకాలం వరి కోతకి వస్తుంది, పత్తి పగులుతుంది. అంటే ఏడాది కష్టమంతా ఎండిపోయి, సులభంగా అంటుకునే రూపంలో పొలంలో ఉండే టైమ్ ఇది.

ఎండుగడ్డి ఎంత డేంజరో అర్థం కావాలంటే అప్పడం గుర్తు తెచ్చుకోండి. వానాకాలంలో వేయించిన అప్పడం బయట పెడితే కాసేపట్లో మెత్తబడుతుంది కదా. అంటే గాలిలో తేమని అది పీల్చుకుంటోంది. గడ్డి కూడా అంతే. పెద్ద మొద్దు ఎండాలంటే వారాలు పడుతుంది. సన్నటి గడ్డిపోచ మాత్రం గాలి తడిగా ఉంటే తడిగా, పొడిగా ఉంటే పొడిగా గంటలోనే మారిపోతుంది. అడవి మంటల మీద పనిచేసే సైంటిస్టులు ఇలాంటి సన్నటి ఇంధనాన్ని "ఒక గంట ఇంధనం" అని పిలుస్తారు. పొద్దున మంచుకి తడిసి, అంటిద్దామన్నా అంటుకోని గడ్డి, మధ్యాహ్నం రెండింటికల్లా పెట్రోల్‌లా తయారవుతుంది. దానికి తోడు గాలి లేస్తే, మంట ముందుకి వంగి, ఇంకా అంటుకోని గడ్డిని ముందే వేడి చేసేస్తుంది. అక్కడినుంచి మనిషి అదుపులో ఉండదు.

అదే గాలి కోసం ఎదురుచూసిన కాలం

ఇక్కడే అసలు ట్విస్ట్. ఒకప్పుడు ఈ పొడిగాలి కోసం రైతు ఎదురుచూసేవాడు.

వరి కోసి, పనలు ఆరబెట్టి, మోపులు కట్టి కల్లానికి చేర్చేవాళ్ళు. కల్లం అంటే పేడతో అలికి గట్టి చేసిన నేల. ఎడ్లని బంతి కట్టి, వడ్ల మీద గుండ్రంగా తిప్పి తొక్కించేవాళ్ళు. తర్వాత తూర్పార పట్టడం. ఒక మనిషి ఎత్తు మీద నిలబడి చాటలో వడ్లు ఎత్తి పోస్తుంటే, గాలికి పొల్లు దూరంగా ఎగిరిపోయి, గట్టి గింజ కింద కుప్ప పడేది. గాలి లేకపోతే ఆ రోజు పని లేదు. కల్లం దగ్గర కూర్చుని గాలి కోసం చూడాల్సిందే.

సో అదే గాలి, అదే ఎండుగడ్డి, అదే సీజన్. కానీ కల్లం దగ్గర నిప్పుని రానిచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే అక్కడ ఉన్నది ఒక ఇంటి మొత్తం బ్యాంక్ బ్యాలెన్స్. వడ్లు మనుషులకి ఏడాది తిండి. గడ్డి పశువులకి ఏడాది తిండి. దొడ్లో గడ్డివాము ఎంత ఎత్తుంటే ఆ ఇంటికి అంత పరువు. వాము కాలిపోయిందంటే ఎండాకాలం ఎడ్లకి మేత ఉండదు. మేత లేకపోతే ఎడ్లు అమ్మాలి. ఎడ్లు అమ్మితే వచ్చే ఏడు దున్నకం లేదు. ఒక్క నిప్పురవ్వతో మొత్తం సిస్టమ్ క్రాష్.

ఇంకో విషయం. చాలామంది పేదల ఇంటి పైకప్పు కూడా గడ్డో, తాటికమ్మో. పక్కపక్కనే గుడిసెలు. గాలి ఉన్న రోజు ఒక పొయ్యిలోంచి నిప్పు ఎగిరితే ఒక ఇల్లుతో ఆగదు, వాడ మొత్తం పోతుంది. గూనపెంకుల ఇల్లు కట్టుకోవడం అంటే కేవలం దర్జా కాదు, నిప్పు నుంచి రక్షణ కూడా.

ఆ భయానికి ఆధారం ఏంటి అంటారా? శాసనాల్లో వెతకక్కర్లేదు, మన నోట్లోనే ఉంది. "ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు." "ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు." ఈ సామెతలు స్లాబ్ ఇళ్ళలో పుట్టలేదు ఫ్రెండ్స్. ఇళ్ళు నిజంగా, తరచుగా కాలిపోయిన ఊళ్ళలో పుట్టాయి. "గడ్డివాము దగ్గర కుక్క" అనే మాట కూడా చూడండి. తను తినదు, ఎద్దుని తిననివ్వదు అని అర్థం. కాపలా కాయాల్సినంత విలువ ఆ గడ్డికి ఉండేది కాబట్టే ఆ మాట పుట్టింది. ఇప్పుడు ఆ గడ్డిని ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్ళేవాడు దొరకట్లేదు.

మొదటి మార్పు: నీళ్ళు

ఇప్పుడు కొంచెం రాజుల కథ. ఓరుగల్లు చుట్టుపక్కల నేలకి పెద్ద నదేమీ ఆనుకుని లేదు. రాళ్ళు, గుట్టలు, ఎర్రనేల. అందుకే కాకతీయులు చెరువుల మీద పడ్డారు. గణపతిదేవుడి కాలంలో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు వచ్చాయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. వానపడితే పై చెరువు నిండి, అలుగు పోసి, కింది చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు. లెక్క సింపుల్: చెరువు నిండితే కింద వరి, నిండకపోతే లేదు. చెరువు కింద లేని చెలకల్లో జొన్న, కంది, ఆముదం, తర్వాత్తర్వాత పత్తి. వరి ఉన్నచోట కూడా చాలా ఏళ్ళు ఒక్క పంటే.

ఒక్క పంట అంటే రైతుకి తొందర లేదు. కోశాక పొలం ఖాళీ. కొయ్యకాళ్ళ మధ్య పశువులు మేస్తాయి, వాటి పేడ అక్కడే పడుతుంది, మిగిలింది ఎండకి, వానకి కుళ్ళిపోతుంది.

తర్వాత గోదావరి నీళ్ళు వచ్చాయి. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద గోదావరి నుంచి నీళ్ళు ఎత్తి, పైపుల్లో, పంపుల మీద పంపులు పెట్టి ఈ ఎత్తైన నేలకి తెచ్చే ప్రాజెక్టే దేవాదుల. ఆ దారిలో ధర్మసాగర్ చెరువు ఒక కీలకమైన స్టాప్. భీంఘన్‌పూర్, పులుకుర్తి దాటి నీళ్ళు ఇక్కడికి వస్తాయి, ఇక్కడినుంచి స్టేషన్ ఘన్‌పూర్ వైపు, ఇంకా ముందుకి వెళ్తాయి. మన హన్మకొండ, కాజీపేట నల్లాల్లో నీళ్ళకీ ఈ చెరువుకీ సంబంధం ఉంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పాత చెరువుల పూడికతీత కూడా మొదలైంది. బోర్లకి కరెంటు కూడా మెరుగైంది.

ఫలితం నంబర్లలో చూడండి. 2014-15లో తెలంగాణలో ప్రభుత్వం కొన్న వడ్లు సుమారు 24 లక్షల టన్నులు. 2020-21కి అది సుమారు 141 లక్షల టన్నులు. ఇది గొప్ప విషయం, ఇందులో డౌట్ లేదు. కానీ మనం ఎప్పుడూ వడ్లే లెక్కపెట్టాం. ఒక కిలో వడ్లతో పాటు కనీసం ఒక కిలో గడ్డి కూడా పండుతుంది. 141 లక్షల టన్నుల వడ్లు కొన్నామంటే, కనీసం అంత గడ్డి కూడా పొలాల్లో తయారైనట్టే. వడ్లకి కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది, లారీ వస్తుంది. గడ్డికి?

రెండో మార్పు: మిషన్

గడ్డిని తినే ఎడ్లు ఏమయ్యాయి? ట్రాక్టర్ వచ్చాక దున్నడానికి ఎడ్లు అవసరం లేకుండా పోయాయి. బండి తోలడానికి ఆటో, ట్రాలీ వచ్చాయి. ఎడ్లు పోవడంతో గడ్డికి ఉన్న పెద్ద కస్టమర్ పోయాడు.

తర్వాత కోత మిషన్. మన దేశంలో తయారైన మొదటి సొంతంగా నడిచే కంబైన్ హార్వెస్టర్ స్వరాజ్ 8100. 1980లో పంజాబ్‌లో వచ్చింది. అది గోధుమ కోసం మొదలైన కథ. పదిహేను, ఇరవై మంది కూలీలు రోజంతా చేసే పనిని మిషన్ గంటలో చేసేస్తుంటే, మన దగ్గర కూలీలు దొరకని రోజుల్లో రైతు దాన్నే పిలిచాడు. అది న్యాయమే.

కానీ మిషన్ చేసే పని ఒకటి చూడండి. చేత్తో కోసేటప్పుడు కొడవలి నేలకి దగ్గరగా పడేది, గడ్డి నిలువుగా, శుభ్రంగా మోపు కట్టడానికి వచ్చేది. మిషన్ పైపైన కోస్తుంది. జానెడో, మూరెడో కొయ్యకాళ్ళు అలాగే నిలబడి ఉంటాయి. గింజ తీసుకున్నాక మిగిలిన గడ్డిని నలిపి, వెనకనుంచి వరసగా పారేస్తుంది. అంటే నిలబడిన పుల్లల మీద, గాలి ఆడేలా, పొడిగడ్డి పరిచిపెట్టినట్టు. మంట పెట్టడానికి ఇంతకంటే మంచి అమరిక మనం కావాలని డిజైన్ చేసినా కుదరదు.

ఇప్పుడు రైతు ప్లేస్‌లో మీరు ఉండండి. వానాకాలం పంట నవంబరులో కోశారు. చెరువులో నీళ్ళున్నాయి. యాసంగి నారు పోయాలి, డిసెంబరు, జనవరిలో నాటు పడాలి. ఆలస్యమైతే పంట చివర్లో ఎండకి దెబ్బతింటుంది, వడగళ్ళ భయం వేరే. గడ్డిని తీయించాలంటే కూలీ ఖర్చు. దున్నితే గడ్డి నాగలికి చుట్టుకుంటుంది. అగ్గిపుల్ల ఖరీదు ఎంత? ఏదో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ రిలీజ్ డెడ్‌లైన్ ముందు షార్ట్‌కట్ కొట్టినట్టే ఇది కూడా. అజ్ఞానం వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోత అయ్యాక మళ్ళీ ఇదే కథ, ఈసారి ఎండ ఇంకా ఎక్కువ. అంటే ఒక్క పంట రెండు పంటలైనప్పుడు, మంటల సీజన్లు కూడా రెండయ్యాయి.

పంజాబ్‌లో కూడా ఇలాంటి క్యాలెండర్ సమస్యే ఉంది. అక్కడ భూగర్భ జలాలు కాపాడటానికి 2009లో ఒక చట్టం తెచ్చి వరినాట్లు జూన్ మధ్యదాకా జరిపారు. నీళ్ళ కోసం అది అవసరం. కానీ కోత కూడా వెనక్కి జరిగి, గోధుమ విత్తడానికి మధ్యలో గ్యాప్ తగ్గిపోయింది. ఆ గ్యాప్‌లోనే అగ్గిపుల్ల దూరింది. ఢిల్లీ పొగ కథలో ఇదొక ముఖ్యమైన ముక్క.

పత్తి సంగతి కూడా ఒక మాట

వరంగల్ అంటే పత్తి కూడా. 1934లో నిజాం కాలంలో ఇక్కడ ఆజంజాహి మిల్లు పెట్టారంటేనే తెలుస్తుంది ఈ నేలకి పత్తితో ఉన్న బంధం. ఇదే పొడి సీజన్‌లో పత్తి ఇళ్ళలో, ట్రాలీల్లో, ఏనుమాముల మార్కెట్లో, జిన్నింగ్ మిల్లుల్లో కుప్పలుగా ఉంటుంది. గడ్డి భగ్గున మండి ఆరిపోతుంది. పత్తి అలా కాదు, బయటికి కనిపించకుండా లోపల రగులుతూ ఉంటుంది.

ఏప్రిల్ 14న మన దేశంలో ఫైర్ సర్వీస్ దినం ఎందుకు జరుపుతారో తెలుసా? 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్ళున్న చోట పొగ కనిపించింది. అదే ఓడలో పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. ఆర్పుతుండగానే సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. ఒక్క ఫైర్ సిబ్బందిలోనే 66 మంది చనిపోయారు. పత్తి పక్కన బీడీ వెలిగించేవాళ్ళని చూసినప్పుడు ఈ కథ చెప్పండి.

గాలి తోడైతే ఏమవుతుంది?

"పొలం మంటే కదా, ఏమవుతుంది" అనేవాళ్ళకి ఒక కథ. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో పెష్టిగో అనే చిన్న ఊరు. 1871లో ఎండాకాలం అంతా వాన లేదు. రైతులు నేల చదును చేయడానికి, రైలు పనివాళ్ళు దారి కోసం చిన్న చిన్న మంటలు పెట్టుకుంటూనే ఉన్నారు. అందరికీ అలవాటైన పొగే. అక్టోబరు 8 రాత్రి ఒక్కసారిగా బలమైన గాలి లేచింది. ఆ చిన్న మంటలన్నీ కలిసి ఒక మంటల తుఫాను అయ్యాయి. సుమారు 12 లక్షల ఎకరాలు కాలిపోయాయి, తక్కువలో తక్కువ 1,200 మంది చనిపోయారు. అదే రాత్రి షికాగో నగరం కూడా తగలబడింది కాబట్టి ప్రపంచం షికాగోనే గుర్తుపెట్టుకుంది. పల్లెటూరి రైతుల చావు హెడ్‌లైన్ కాలేదు.

మన దగ్గర అంత అడవి లేదు, అంత గాలి కూడా ఉండదు. మన ప్రమాదం ఇంకో రకం, చాలా సైలెంట్‌గా ఉంటుంది. కొయ్యకాళ్ళకి నిప్పు పెట్టిన రైతు, ఎక్కువగా వయసు మళ్ళిన పెద్దమనిషి, ఒడ్డు మీద నిలబడి చూస్తుంటాడు. గాలి మళ్ళుతుంది. మంట పక్కోడి పొలం వైపో, గడ్డివాము వైపో, తోట వైపో పోతుంది. "అయ్యో, పక్కోళ్ళ పంట కాలుతుంది" అని ఆయన ఆర్పడానికి కొమ్మ పట్టుకుని పరిగెడతాడు. పొగ కమ్ముకుంటుంది, ఊపిరి ఆడదు, పడిపోతాడు. తెలంగాణ జిల్లా పేపర్లలో ఇలాంటి చావుల వార్తలు కోతల సీజన్‌లో వస్తూనే ఉంటాయి. నాలుగు లైన్ల వార్త. మనం స్క్రోల్ చేసేస్తాం. ఆయన చనిపోయింది పంట కోసం కూడా కాదు, పక్కోడి నష్టం తన మీద పడకూడదని.

సాయంత్రం పెట్టిన మంటకి ఇంకో ప్రమాదం. చలికాలం రాత్రుళ్ళు నేల తొందరగా చల్లబడుతుంది, చల్లటి గాలి కిందే ఉండిపోతుంది, పొగ పైకి పోలేక రోడ్డు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. బైక్ మీద వెళ్ళేవాడికి ఎదురుగా ఆగి ఉన్న ట్రాక్టర్ కనపడదు. ధర్మసాగర్ మండలంలో దేవునూరు, ముప్పారం వైపు ఇనుపరాతి గుట్టలున్నాయి. గుట్ట వాలు మీద ఎండుగడ్డికి పొలం మంట తగిలితే పైకి ఎక్కడం చాలా ఫాస్ట్. ఎందుకంటే మంట ఎప్పుడూ పైకే వేడి పంపుతుంది.

నేలకి జరిగే నష్టం కూడా వినండి. ఒక టన్ను వరిగడ్డి కాల్చితే అందులోని నత్రజని సుమారు ఐదున్నర కిలోలు పోతుంది, 400 కిలోల దాకా సేంద్రియ కర్బనం పోతుంది. మళ్ళీ అదే రైతు యూరియా బస్తా కోసం లైన్లో నిలబడతాడు.

మరి చరిత్ర ఏమంటుంది?

ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు కోతలయ్యాక గోధుమ పొలాలు ఇలాగే కాల్చేవాళ్ళు. రోడ్ల మీద పొగ, ఊళ్ళలో గొడవలు. చివరికి 1993లో నిషేధం వచ్చింది. ఇక్కడ ముఖ్యమైన పాయింట్: కొన్నేళ్ళ ముందే చెప్పి, రైతులకి టైమ్ ఇచ్చి అమలు చేశారు. గడ్డిని ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రాలు, పద్ధతులు వ్యాపించాయి. 2000 నాటికి కేంబ్రిడ్జ్‌షైర్‌లో గడ్డితో నడిచే ఒక కరెంటు ప్లాంటే వచ్చింది. అంటే గడ్డికి మళ్ళీ కస్టమర్ దొరికాడు.

నా పాయింట్ ఇదే. మన తాతలు గడ్డిని కాల్చకపోవడానికి కారణం పర్యావరణం మీద ప్రేమ ఒక్కటే అనుకుంటే పొరపాటు. గడ్డికి విలువ ఉండేది, అందుకే కాపాడారు. నీళ్ళు ఇచ్చాం, మిషన్ ఇచ్చాం, వడ్లకి ధర ఇచ్చాం. గడ్డిని మాత్రం మర్చిపోయాం. విలువ తిరిగి రాకుండా ఫైన్ మాత్రమే వేస్తే, రైతు పగలు మానేసి రాత్రి కాల్చుతాడు. అది ఇంకా ప్రమాదం.

దారులు లేకపోలేదు. గడ్డిని చుట్టలు చుట్టే బేలర్ మిషన్లు మన ఊళ్ళలోకి వచ్చేశాయి. పాడి ఉన్న ఊళ్ళకి ఆ కట్టలు అమ్ముడుపోతాయి. నీళ్ళున్న పొలంలో ఎకరానికి ఒక 50 కిలోల బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే కొయ్యకాళ్ళు తొందరగా కుళ్ళుతాయని వ్యవసాయ అధికారులు చెప్తూనే ఉన్నారు. థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో పాటు పంట వ్యర్థాల పెల్లెట్లు కలపాలని 2021లో కేంద్రం పాలసీ కూడా తెచ్చింది. మిషన్లు చాలినన్ని, సరైన పది రోజుల్లో, అందుబాటు రేటుకి ఊరికి వస్తాయా అన్నదే అసలు పరీక్ష. ఎందుకంటే రైతుకి ఉన్నది ఆ పది రోజులే.

అప్పటిదాకా ఈ వీడియో చూస్తున్న మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో తాతో, బాపో, పెద్దనాన్నో ఉంటారు. వాళ్ళ చేతిలో ఫోన్ ఉన్నా వాతావరణం యాప్ చూడరు. మీరు చూస్తారు. గాలి ఉన్న మధ్యాహ్నం పొలం కాడికి ఒంటరిగా అగ్గిపెట్టెతో పోనివ్వకండి. "బాపూ, ఈ రోజు గాలి మస్తుగుంది, వద్దు" అని చెప్పండి. ఎక్కడైనా మంట చెయ్యి దాటిందంటే, వీడియో తర్వాత, ముందు 101కి కాల్ చేయండి. గడ్డివాము పోతే పోనీ అనండి. మంటలోకి మనిషి పరిగెత్తకూడదు. ఈ ఒక్క మాట ముందే ఇంట్లో అనుకుని పెట్టుకుంటే ఒక ప్రాణం నిలుస్తుంది.

మీ ఊళ్ళో గడ్డి ఏం చేస్తున్నారు, బేలర్ వస్తోందా, కట్టకి ఎంత ఇస్తున్నారు, కామెంట్‌లో రాయండి. అవి చదివి ఊళ్ళవారీగా ఒక లిస్ట్ తయారు చేద్దాం, గడ్డి ఉన్నవాళ్ళకీ కావాల్సినవాళ్ళకీ పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ చెరువు కట్ట మీద కలుద్దాం. ఉంటాను.